తన వంతు పిడికెడు

దయ్యాలంటే నాకు నవ్వు. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో ఇరవై ఏళ్లుగా మోటార్లు రివైండింగ్ చేస్తున్నాను. రొయ్యల చెరువు మీద నీళ్లు చిలికే ఏరియేటరు వింతగా మూలుగుతోందని పిలిస్తే వెళ్లి, బేరింగు మార్చి వచ్చేవాణ్ణి. శబ్దం ఉందంటే కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది. నాకు తెలిసిన వేదాంతం ఇంతే. నిజం చెప్పాలంటే దేవుణ్ణి కూడా సగమే నమ్మేవాణ్ణి. చర్చిలో గుమ్మం పక్కన కూర్చుని, ప్రసంగం సాగితే చెప్పులు వెతుక్కునే రకం.

భక్తంతా మా ఆవిడ సుగుణది.

మా క్రైస్తవుల ఇళ్లల్లో పిడికెడు బియ్యం అని ఒక అలవాటుంది. అన్నానికి కొలిచిన బియ్యంలోంచి, కడగకముందే ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆ పూట ఇంట్లోవాళ్లు పిడికెడు తక్కువ తింటారన్నమాట. వారమంతా పోగైనవి ఆదివారం చర్చికి తీసుకెళ్లి గంపలో పోస్తే, అవి ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు వెళతాయి. ఇందుకోసం సుగుణ బిగుతు మూత ఉన్న ఒక స్టీలు క్యాను పెట్టుకుంది. అది పొయ్యి పైన అరలో ఉండేది. మూత తీస్తే టప్‌మని చప్పుడు.

కారుతున్న పెంకుటిల్లు తీసేసి శ్లాబు వేసుకుందామని సుగుణ రెండేళ్లకు గల్ఫ్ వెళ్లింది, ఒక ఇంట్లో వంటపనికి. మా వైపు ఆడవాళ్లు వెళ్లడం కొత్తేమీ కాదు. బస్సెక్కే ముందు నాకు ఒక్కటే చెప్పింది.

"ప్రార్థన మానితే మానండి గానీ, పిడికెడు మాత్రం మానకండి. నా వంతు కూడా మీరే తియ్యండి."

మొదటి ఏడాది మాట నిలబెట్టుకున్నాను. ఇంట్లో నేనూ మా అమ్మా ఇద్దరమే. అమ్మకి కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు కాబట్టి వంట నాదే. పూటకి రెండు పిడికిళ్లు తీసేవాణ్ణి, ఒకటి నాది, ఒకటి తనది. ప్రతి శుక్రవారం సుగుణ ఫోన్ చేసేది. ముందు క్యాను సంగతి అడిగి, ఆ తర్వాతే నా సంగతి అడిగేది.

తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ఆ ఇంటివాళ్లు వేరే ఊరు మారారట, కబురు వస్తుందిలే అన్నాడు పంపించిన ఏజెంటు. రాలేదు. ప్రతి ఆదివారం సంఘంలో తన పేరు చెప్పి ప్రార్థన చేసేవారు. అందరూ నాకు ఓపిక పట్టమని చెప్పేవాళ్లే. చెప్పేవాళ్లకేం, పట్టేవాడికి తెలుస్తుంది. మూడో నెలలో ఒక పొద్దున్న, గుప్పిట్లోకి తీసిన బియ్యం తిరిగి గిన్నెలోకి వదిలేసి కడిగేశాను. ఆయన నా మాట వినడు, నేను మాత్రం ఆయన కోసం కడుపు మాడ్చుకోవాలా అని అమ్మతో అన్నాను. అమ్మ ఏడ్చింది. క్యానులో ఉన్నవి కూడా వండేసి, ఖాళీ క్యాను మూత పెట్టి అరలో పడేశాను. చర్చికి వెళ్లడం కూడా మానేశాను.

రెండు వారాలు చూసి పాస్టరమ్మ గారు ఇంటికే వచ్చారు, సంచీ పట్టుకుని. ఖాళీ క్యాను చూపిస్తే ఆవిడకి అర్థమవుతుంది, నాకు మాట్లాడే పని తప్పుతుంది అనుకున్నాను. అరలోంచి తీస్తే బరువుగా ఉంది. మూత తీశాను. సగం దాకా బియ్యం.

అలాగే సంచీలో పోసేశాను. ఆవిడ వెళ్లగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను. అమ్మ తెల్లబోయింది. "నా చెయ్యి ఆ అర దాకా లేస్తే నా జడ నేనే వేసుకోనట్రా" అంది. అదీ నిజమే.

మరుసటి వారం పాస్టరమ్మ గారు మళ్లీ వచ్చారు. క్యానులో మళ్లీ బియ్యం. సంచీలో పోస్తుంటే ఆవిడ నవ్వారు. "ఏంటి ప్రసాదు గారూ, బిర్యానీ బియ్యం ఇస్తున్నారు? ముసలోళ్లు కిందటి వారం పండగ చేసుకున్నారండి."

గుప్పెడు తీసి వెలుతురులో చూశాను. సన్నగా, పొడుగ్గా ఉన్నాయి గింజలు. మా ఇంట్లో ముతక బియ్యం తప్ప ఎప్పుడూ కొనలేదు.

ఆ వారమే అమ్మని జంగారెడ్డిగూడెంలో మా అక్క ఇంటికి పంపించాను. ఖాళీ క్యాను మూత చుట్టూ మోటారు వైండింగుకి వాడే టేపు మూడు చుట్లు చుట్టి, టేపు చివర మీద నా సంతకం పెట్టాను. వంటింటికి తాళం వేసి దుకాణంలోనే కాఫీ, హోటల్లో భోజనం. ఆదివారం పొద్దున్న తాళం తీశాను. టేపు చెక్కు చెదరలేదు, సంతకం అతుకు దగ్గర గీత కూడా జరగలేదు. కోసి మూత తీస్తే, సగం దాకా పొడుగు బియ్యం.

క్యాను అక్కడే వదిలేసి వీధిలోకి వచ్చేశాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇంకో రోజు మధ్యాహ్నం దుకాణం నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే వంటింట్లోంచి టప్‌మని వినిపించింది. నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. నా ఇరవై ఏళ్ల పనిలో, విప్పి చూడబుద్ధి కాని శబ్దం అదొక్కటే. చెప్పులు మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయాను.

నెల తర్వాత అమ్మ తిరిగొచ్చింది. ఆ బియ్యం అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. "మాట మిగిలిపోయిన మనిషి తీర్చుకునే పోతుందంటారు. కోడలు లేదేమోరా" అంది. అప్పటికే నెల రోజులుగా నేను అదే అనుకుంటున్నాను, నోటితో అనలేదంతే. ఆదివారం ఆదివారం క్యాను నిండడమంటే నాకు సుగుణ చావు కబురు అందినట్టే ఉండేది. ఒక్క బతిమాలుకోలే మిగిలింది నాకు. ప్రభువా, ఇది తను కాకూడదు.

అప్పుడు క్యాను ఖాళీ అయింది. ఒక ఆదివారం ఖాళీ. మరో ఆదివారం ఖాళీ. పీడ వదిలిందనుకోవాలి కదా. అలా అనిపించలేదు. అంతవరకూ తను ఎక్కడో ఒక చోట ఉంది, ఇప్పుడు ఎక్కడా లేదు అనిపించింది. క్యాను ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మర్నాడు పొద్దున్న వంటకి బియ్యం కొలిచి, ఒక పిడికెడు తీశాను, నా వంతు. ఇంకో పిడికెడు తీశాను, తన వంతు. రెండూ క్యానులో వేసి, ఆ గిన్నె ముందే మోకరించాను. ఏమని ప్రార్థన చేశానో గుర్తులేదు. తన పేరే అన్నట్టున్నాను.

సాయంత్రం వంటకి మూత తీస్తే క్యానులో ఒక్క గింజ లేదు. నేనిచ్చింది కూడా ఆయనకి అక్కర్లేదు కాబోలు అనుకున్నాను. అంత చేదు నా బతుకులో ఎప్పుడూ మింగలేదు.

అయిదో రోజున ఫోన్ మోగింది. సుగుణ గొంతు. ఇంకో రెండు నెలలకి మనిషే వచ్చింది, సగానికి సగం చిక్కిపోయి.

ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్లి క్యాను తడిమి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఊరు మారాక వాళ్లు ఫోన్ తీసేసుకున్నారట. తను మాత్రం వండిన ప్రతిసారీ పిడికెడు తీసి ఒక గిన్నెలో వేసేదట. ఇవ్వడానికి అక్కడ చర్చి లేదు, పైగా ఆ బియ్యం తనవి కావు. వారం తిరిగాక వాళ్ల బస్తాలోనే తిరిగి పోసేద్దామని చూస్తే గిన్నె ఖాళీగా ఉండేదట. తోటి పనిమనిషి తీస్తోందనుకుంది. తర్వాత జ్వరం వచ్చి పన్నెండు రోజులు లేవలేదు. అన్నం పెట్టిన దిక్కు లేదు. చివరి రోజు గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి ఆ గిన్నె మూత తీసిందట.

"రెండు పిడికిళ్ల బియ్యం ఉన్నాయండి. ముతక బియ్యం. మన ఇంటివి చేత్తో పట్టుకుంటే నాకు తెలీదా? జావ కాసుకుని తాగాను. ఆ ఓపికతోనే లేచి, వాళ్ల ముసలావిడ కాళ్లు పట్టుకుని ఫోన్ అడిగాను."

తను నా చెయ్యి పట్టుకుంది. "మీరు ఒక్క పూట కూడా మానలేదు కదండీ?"

"లేదు" అన్నాను.

దీన్ని నేను చాలాసార్లు విప్పి చూశాను. తన జ్వరం పన్నెండు రోజులు, నా క్యాను ఖాళీగా ఉన్నది రెండు వారాల పైనే. లెక్క సరిగ్గా కుదరదు. జ్వరం తలకెక్కి ఏదో చూసి ఉండొచ్చు. ఆ పొడుగు బియ్యం ఒక పిడికెడైనా దాచాల్సింది, అన్నీ చర్చికి పోసేశాను, ఎవరో తినేశారు. నా సంతకం ఉన్న టేపు ముక్క ఒకటి దుకాణం సొరుగులో ఉంది, అంతే. అది చూసినా నాకు కారణం దొరకడం లేదు.

ఇప్పుడు ప్రతి పూటా తను ఒక పిడికెడు, నేను ఒక పిడికెడు. ఆదివారం ప్రసంగం అయ్యేదాకా కూర్చుంటున్నాను. ఆ అబద్ధం మాత్రం ఇంకా విప్పలేదు, ఇదంతా రాసిన ఈ కాగితాలు ముందు తనకే చదివి వినిపించాలి. మానేసిన ఆ నెలలన్నిటిలో నేను వేసినవి ఆ రెండు పిడికిళ్లే. ఆ పొద్దున్న అవి కూడా వెయ్యకపోయి ఉంటే అన్న మాట దగ్గరికి వచ్చేసరికి బియ్యంలో నా చెయ్యి ఆగిపోతుంది. క్యాను మూత ఇప్పటికీ సుగుణనే తియ్యమంటాను.