ఎవరికీ చెప్పొద్దన్న గడ్డ

మా అత్త నోట్లో నువ్వుగింజ నానదని పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది నాకు. ఉదయగిరిలో ఆమె చెవిన పడ్డ మాట సాయంత్రానికి కొండ మీది కోతులకు కూడా తెలుస్తుందని మా ఆయన ఎగతాళి చేసేవాడు. అందుకే ఆ గడ్డ సంగతి అందరికంటే ముందు ఆమె దగ్గరే దాచాను.

తొంభైల్లో మాట. అప్పటికి మా పాపకు ఐదో నెల. ఒక పొద్దున పాలిచ్చి, స్నానానికి వెళ్ళి సబ్బు రుద్దుకుంటుంటే ఎడమ రొమ్ము కిందివైపు చేతికి ఏదో తగిలింది. కుంకుడుకాయంత ఉంటుంది. నొక్కితే నొప్పి లేదు. వేళ్ళ కింద పక్కకు జారుతోంది. పాలు గడ్డ కట్టాయేమో, పాప తాగితే పోతుందిలే అనుకున్నాను. పాప తాగింది, నిద్రపోయింది. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంది.

నొప్పయినా ఉంటే బాగుండునని ఏడుపొచ్చింది. ఎందుకంటే మా అమ్మకూ నొప్పి లేదట. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. జ్వరమొచ్చి పోయిందని చెప్పి నన్ను పెంచారు. పెళ్ళికి ముందు పిన్నమ్మ అసలు సంగతి చెప్పింది. రొమ్ములో గడ్డ లేస్తే మగ డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గుపడి, మా నాయనకు కూడా చెప్పకుండా రవికె కింద దాచుకుందట. అది పుండయితే గాని ఎవరికీ తెలియలేదు. అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నాకేమన్నా అయితే నా బిడ్డకూ నా ముఖం గుర్తుండదు. నా భయమంతా దాని గురించే.

ఇంత తెలిసీ నేనూ దాచాను. పైకి చెబితే అది నిజమైపోతుందనిపించింది. గడ్డలో ఉన్నదేదో బిడ్డ కడుపులోకి పోతుందేమోనని ఎడమపక్క పాలివ్వడం కూడా మానేశాను. మా అత్తకు చూపు సరిగా ఆనదు గాని ఇలాంటివి ఇట్టే పట్టేస్తుంది.

“ఏందిమే, ఎప్పుడు చూసినా బిడ్డకు కుడిపక్కే ఇస్తా ఉండావు? ఆ పక్కకేమయినాది?”

ఏదో చెప్పబోయి భోరుమన్నాను. ఆమె చెయ్యి పెట్టి చూసింది. ముఖంలో ఏమీ కనపడనీయలేదు. పాపను భుజాన వేసుకుని కాసేపు ఊరికే జోకొట్టింది.

“నీకు దండం పెడతానత్తా, ఎవురికీ చెప్పబాక,” అన్నాను.

“నేనెందుకు చెప్తాను? నరమానవుడికి చెప్పను,” అంది.

నమ్మాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

శుక్రవారం చర్చిలో స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థన ఉంటుంది. చాపల మీద మోకరించి ఒకరి తర్వాత ఒకరు పైకే ప్రార్థన చేయాలి. గొంతులో గొణుక్కునే ప్రార్థనకు మా బాప్టిస్టు ఆడవాళ్ళలో విలువ తక్కువ. దేవుడికేమీ తెలియదన్నట్టు అన్నీ విడమరిచి చెప్పాలి. మా అత్త వంతు వచ్చింది. వానల కోసం, పాస్టరుగారి మోకాళ్ళ నొప్పుల కోసం ప్రార్థించాక గొంతు సవరించుకుంది.

“ప్రేమగల తండ్రీ, నా కోడలికి ఎడమ రొమ్ములో గడ్డ ఉండాది. కిందిపక్క ఉండాది, కుంకుడుకాయంత ఉండాది, నొప్పి లేదంటాది. ఎవురికీ చెప్పొద్దన్నాది కాబట్టి నీకు మాత్రమే చెప్పుకుంటా ఉండాను తండ్రీ.”

అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు. నేను ఆమె పక్కనే, పాపను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. కళ్ళు తెరిచి చూస్తే అందరి చూపూ నా పమిట మీదే ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చేదాకా ఓపికపట్టి అప్పుడు దులిపేశాను.

“నేను మనుషులకెవురికన్నా చెప్పినానా? తండ్రికి చెప్పుకున్నాను. పక్కన కూర్చున్నోళ్ళు ఇంటే నేనేం చేసేది?” అంది. మాటలో కపటం లేదు. నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాననే అనుకుంటోంది. అలాంటి మనిషితో ఏమని పోట్లాడతాం?

మధ్యాహ్నానికి మా ఇల్లు తిరునాళ్ళయింది. ఒకామె ఉప్పు మూటతో కాపడం పెట్టమంది. ఒకామె మల్లెపూల దండ తెచ్చి రొమ్ముకు కట్టుకోమంది. పూలు కడితే పాలు ఇంకిపోయి గడ్డ కూడా కరుగుతుందట. “పాలు ఇంకిపోతే బిడ్డకు నువ్విస్తావా?” అని మా అత్త ఆ దండ ఆమె జడలోనే పెట్టి పంపించింది. ఇంకొకామె మాత్రం ఆత్మకూరులో ఆడ డాక్టరు ఉందనీ, సిగ్గుపడకుండా చూపించుకోవచ్చనీ చెప్పింది. మా ఆయన దుత్తలూరు దగ్గర బడిలో పంతులు. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేలోపే దారిలో జనం చెప్పేశారు. బిక్కముఖం వేసుకుని వచ్చి, “నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు. “నువ్వు కూడా ప్రార్థనకు రావాల్సింది,” అన్నాను.

మర్నాడు పొద్దున అత్త, నేను, పాప ఆత్మకూరు బస్సెక్కాం. దారిలో ఆమె నోరు విప్పలేదు. ఆమె మాట్లాడకపోవడంతో నాకు భయం ఇంకా ఎక్కువైంది. చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

“కోసేయాలంటే కోసేయనీ మే. ఒకపక్క పాలతో పెరిగిన బిడ్డలు లేరా? నువ్వుంటే చాలు. ఈ వయసులో దీన్ని సాకే ఓపిక నాకు లేదు.”

ప్రేమను కూడా ఆమె కసురుకుంటూనే చెప్పేది. తల్లి లేకుండా పెరిగినదాన్ని, నాకు అదే ఎక్కువ. ఆమె భుజం మీద తల పెట్టి ఆత్మకూరు వచ్చేదాకా ఏడ్చాను.

డాక్టరమ్మ గడ్డను తడిమింది, చంక కింద చూసింది. సూదితో తీసి చూద్దామంది. మా అత్త గోడపక్కన నిలబడి ప్రార్థన ఎత్తుకోబోతే, “మనసులో చేసుకో పెద్దమ్మా,” అంది. మా అత్తకు అది చేతకాదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

సూది గుచ్చి వెనక్కి లాగితే సిరంజిలోకి చిక్కటి పాలొచ్చాయి. పాలు తప్ప ఇంకేమీ లేదు. గడ్డ నెమ్మదిగా చదునైపోయింది. పాలు వచ్చే దారి ఒకటి మూసుకుపోయి లోపలే నిలిచిపోయాయని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ ఊరితే రమ్మంది, రెండు పక్కలా ఇవ్వమంది. బయట బల్ల మీద కూర్చుని పాపకు ఎడమపక్క ఇచ్చాను. నా బిడ్డను నేనే పెంచుకుంటాను అనుకుంటే సంతోషం పట్టలేకపోయాను.

మేలు జరిగితే ఆదివారం సంఘం ముందు లేచి సాక్ష్యం చెప్పాలి. మా అత్త చెబుతుందిలే అనుకున్నాను. ఆమె నన్ను మోచేత్తో పొడిచింది.

“గడ్డ నీది. నువ్వే చెప్పు.”

అవతల మగవాళ్ళ వరుసలు ఉన్నాయి. అయినా లేచాను. గడ్డ అన్నాను, పాలు అన్నాను. అక్కడితో ఆగకుండా మా అమ్మ సంగతి కూడా చెప్పేశాను. ఆమెకు మా అత్తలాంటి వాగుడుకాయ ఒకతె దొరికి ఉంటే బతికేదన్నాను. మగవాళ్ళు తలలు దించుకున్నారు.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒక చిన్న వయసు తల్లి నా చెయ్యి పట్టుకుంది. అనంతసాగరం వైపు ఇచ్చిన పిల్ల, కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. చంకలో నెలల పిల్లాడు. గోడ చాటుకు తీసుకెళ్ళి నా చేతిని తన రవికె పక్కన పెట్టుకుంది. అక్కడున్న గడ్డ జారడం లేదు. రాయిలా ఉంది.

“ఎవురికీ చెప్పలేదక్కా,” అంది.

సోమవారం మా అత్తే ఆమెను ఆత్మకూరు తీసుకెళ్ళింది. ఆమెది పాల గడ్డ కాదు. నెల్లూరు పంపించారు. అక్కడ ఆపరేషన్ చేసి ఆ పక్క తీసేశారు. తర్వాత మందులెక్కించినన్నాళ్ళు బిడ్డకు పాలివ్వకూడదన్నారు. పిల్లాణ్ణి మా ఇంట్లో ఉంచుకున్నాం. పాపకు ఒకపక్క, వాడికి ఒకపక్క ఇచ్చాను. ఇద్దరికీ పాలు చాలాలని మా అత్త వెల్లుల్లి కారంతో అన్నం పెట్టీ పెట్టీ నన్ను ఊరగాయ జాడీ చేసింది.

వాళ్ళమ్మ తిరిగొచ్చేసరికి వాడు పాకుతున్నాడు. తలకు గుడ్డ చుట్టుకుని, బాగా చిక్కిపోయిన మనిషి, గడపలో కూర్చుని చేతులు చాపింది. వాడు ఆమెను చూసి బెదిరి నా చీర పట్టుకున్నాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. ఎత్తి ఆమె ఒళ్ళో పెడితే ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఆమె వాణ్ణి వదల్లేదు. గుండెకు పొదువుకుని నవ్వింది.

“ఏడవనీలే అక్కా. మెల్లిగా నన్ను మరుగుతాడు. నేనింక యాడికీ పోను.”