పుర్రచేతి కండె

హిందూపురంలోని నా షెడ్డులో, కొయ్యను గిరగిరా తిప్పే తరిమెన మీద వేపముక్క పెట్టి ఉలి ఆనించగానే చేదు వాసన గుప్పుమంటుంది. ఆ వాసనతోపాటే రుద్రాచారి మామ గుర్తొస్తాడు. మనిషి ఇప్పుడు లేడు. తిరిగే కొయ్య ముందు ఆయన నిలబడ్డ తీరును చూడనివాళ్ల మీద నాకు జాలే.

పెనుకొండ బస్టాండు వెనక ఆయన కొట్టు. ధర్మవరం నేతగాళ్లు పట్టునూలు చుట్టుకునే కొయ్య కండెలు అక్కడ తయారయ్యేవి. కండె మీద చిన్న పెచ్చు లేచినా నూలు తెగుతుంది. కొట్లోని పనివాళ్లలో ఓబులేసన్న ఉలిని పైనుంచి అరచేత్తో అదిమి పట్టేవాడు, కొయ్య మూలిగేది. మస్తానన్న కిందినుంచి వేళ్ల మీద మోసేవాడు. మామ మాత్రం ఉలిపిడిని నడుముకు ఆనించి, తానే మెల్లగా ఊగేవాడు. పొట్టు తెగకుండా పొడుగ్గా జారేది. గోడవైపు తిరిగి టీ తాగుతూ కూడా, చప్పుడు విని, "మస్తానూ, ఉలి మొద్దుపోయిండాది, సాన పట్టుకోరాదా అప్పా" అనేవాడు. ఈయనకు వీపున కళ్లున్నాయా అని నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఆ కొట్లోనే పనిచేసిన మా నాయనకు చూపు తగ్గాక, ఆయన చోట నేను చేరాను. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ పని నాకు నిలవాలి. నాదేమో పుర్రచేయి, ఎడమచేతి వాటం. అందరిలా కుడిచేత్తో పట్టబోతే ఉలి కొయ్యను కరిచేది. నేను చేసిన కండెలు ధర్మవరం నుంచి తిరిగొచ్చాయి.

"పుర్రచేతికి ఈ పని రాదులే మామా" అన్నాడు ఓబులేసన్న.

మామ నన్ను ఉప్పుకాగితంతో రుద్దే పనిలో పెట్టాడు. ఇక ఇంటికి పొమ్మంటాడనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే వెళ్లేసరికి, మామ ఉలిని ఎడమచేత పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. కాళ్ల దగ్గర పాడైన కండెలు కుప్పగా ఉన్నాయి. నేను చూస్తుండగానే ఇంకొకటి ఎగిరిపడింది. అంతటి పనివాడూ కొత్తగా చేరినవాడిలా సిగ్గుపడి నవ్వాడు.

"ఇదేం పని మామా?"

"నీకు చూపించల్లంటే ముందు నాకు రావల్ల కదా పాపా. ఈడ నిలబడు. కాళ్లు మార్చుకో. చెయ్యి మార్చొద్దు."

నాకు ఏడుపొచ్చింది. జీవితమంతా కుడిచేతిలో పండిన పనిని పక్కన పెట్టి, నా కోసం మళ్లీ మొదటికొచ్చాడా మనిషి! అలా నేర్చుకుని నేను చేసిన కండె మీద ఆయన ఒక పట్టుపోగు లాగి చూశాడు. పోగు ఎక్కడా ఆగలేదు. "ఇది మీ నాయన పని కాదు, నా పని కాదు. నీదే" అన్నాడు.

ఆయన చేసిన నున్నటి కండెలు ధర్మవరంలో ఎన్ని అరిగిపోయాయో తెలియదు. నా దగ్గరున్నది ఆ రోజు కుప్పలోంచి ఏరుకున్న వంకర కండె. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదట దాన్నే చేతికిస్తాను.

"దీన్ని ఎవరు చెడగొట్టినారక్కా?" అంటారు.

"మా గురువు" అంటాను.