నేల మీద పడ్డ ఎముక

ఎముకల డాక్టరుగారి ఇంట్లో గాజు గ్లాసులు ఉండవు. కాపురానికొచ్చిన కొత్తలోనే మొగుడి చేతుల్లో ఏదీ నిలవదని చూసి ఆయన భార్య స్టీలువి కొనేసింది. "ఈ చేతులతోనేనా మనుషుల్ని కోసేది?" అని ఆవిడ అడిగినప్పుడల్లా, "ఆపరేషన్ గదిలో ఇవి వేరే చేతులు" అనేవాడాయన. ఆ మాట పూర్తిగా నమ్మిన మనిషి కూడా ఆయనొక్కడే.

ఆయన గర్వమంతా ఒక ఉపన్యాసం మీద. విరిగిన చోట అంటుకట్టే ఎముక ముక్కని క్రిములు పోయేలా మందుతో కడిగితే, ఆ ముక్కలోని ప్రాణం ఏమవుతుందన్నది విషయం. ఆపరేషన్లలో మిగిలిపోయిన ముక్కల మీద పరీక్షలు చేసి చూశాడు. గాఢమైన మందులో నానినవాటిలో కణాలు చచ్చాయి. పలచని మందుతో కాసేపు కడిగి, ఉప్పునీళ్లతో బాగా జాడించినవాటిలో చాలావరకు బతికాయి. "మందుకి క్రిమేదో కణమేదో తెలీదు. ఎక్కువసేపు నానబెడితే మిగిలేది ఎముక కాదు, సుద్దముక్క!" అని, విద్యార్థులు నవ్వడానికి కాస్త వ్యవధి కూడా ఇచ్చేవాడు. అదే వ్యాసంగా అచ్చయినప్పుడు చుట్టాలందరికీ పంపాడు. బావమరిది ఒక్కడే జవాబిచ్చాడు. "ఫొటోలో లావయ్యారు బావా" అని.

అలాంటి రోజుల్లో గోడలకి రంగులేసే మేస్త్రీ ఒకాయన వచ్చాడు. నిచ్చెన మీంచి పడి విరిగిన కాలి ఎముక ఎంతకీ అతుక్కోలేదు. ఆయన తుంటి నుంచే ఒక ముక్క తీసి అక్కడ అంటు కట్టాలి. డాక్టరు ముక్కని అందంగా తీశాడు. అందంగా పైకెత్తాడు. అది చేతొడుగుల్లోంచి సబ్బుబిళ్లలా జారి, బల్ల అంచుకి తగిలి, నేల మీద టక్కుమని పడి, మత్తు డాక్టరు చెప్పు దగ్గర ఆగింది.

మత్తు డాక్టరు కిందకి చూసి, "మీదేనా?" అన్నాడు.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. ఆ ముక్క పారేస్తే రెండో తుంటి కోయాలి. తన చేతి తప్పుకి ఆ మేస్త్రీ ఇంకో గాయం మోయాలి. పారేయకపోతే నేల మీది క్రిములు కాల్లోకి పోతాయి.

"ఆ మందు పెద్ద సీసా ఇవ్వండి. నీళ్లు కలపకండి!" అని అరిచాడు.

"ఎంతసేపు నానబెట్టమంటారు?" అని సిస్టరు మామూలుగానే అడిగింది.

"చచ్చేదాకా" అనబోయి నోరు మూసుకున్నాడు. ఏది చచ్చేదాకా? ఇన్నేళ్లుగా ఊరందరికీ చెప్పిన పాఠం తన చెవిన మాత్రం పడలేదన్నమాట. చెవుల దాకా ఎర్రబడి, మందు పలచగా కలిపించాడు. ముక్కని మెల్లగా కడిగి, ఉప్పునీళ్లలో మళ్లీ మళ్లీ జాడించాడు. చిన్న పలుకు విరిచి పరీక్షకి పంపి, మిగతాది రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు కాల్లో అమర్చాడు.

మర్నాడు డాక్టరు మేస్త్రీ మంచం పక్కన కూర్చుని, క్రిములంటే ఏమిటన్న దగ్గర మొదలుపెట్టి మందుల పుట్టుపూర్వోత్తరాల దాకా వచ్చాడు.

"అసలు సంగతి చెప్పండి సార్. కాలు తీసేశారా?" అన్నాడు మేస్త్రీ, దుప్పటి ఎత్తి చూసుకుంటూ.

"అయ్యో, లేదు! మీ ఎముక కింద పడేశాను."

మేస్త్రీ పొట్ట కదిలేలా నవ్వాడు. తుంటి నొప్పెట్టి మూలిగాడు. "అది నాతోపాటు నిచ్చెన మీంచే పడింది సార్. బల్ల మీంచి పడితే దానికో లెక్కా?" అని, మళ్లీ "ఇంతకీ బతుకుతుందా?" అన్నాడు.

"తెలీదు. క్రిములు చచ్చి, ఎముక బతకాలని కడిగాను. తారుమారైతే మళ్లీ కోయాలి. కావాలంటే అప్పుడు వేరే డాక్టరుని పెట్టిస్తాను."

"వద్దులెండి. ఒకసారి జారవిడిచినోడే రెండోసారి గట్టిగా పట్టుకుంటాడు."

పరీక్ష ఫలితం కోసం డాక్టరు ల్యాబుకి అదేపనిగా ఫోన్లు చేశాడు. చివరికి అక్కడి అమ్మాయి విసుగ్గా, "మీ ఎముకలో ఏమీ పెరగలేదండీ" అంది. "ఏమీనా? ఒక్క కణమైనా?" అన్నాడు డాక్టరు. "క్రిములండీ బాబూ! క్రిములు పెరగలేదు. మంచిదే కదా!" అంది. ఎముకల గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి ఆ పూట కుర్చీలో కూలబడి మంచినీళ్లు తాగాడు.

ఎముక సంగతి తేలడానికి నెలలు పట్టింది. మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదు. తర్వాతదానిలో ఉందో లేదో తెలియని మసక. ఆ తర్వాత మేస్త్రీ కర్ర సాయంతో నడుచుకుంటూ వచ్చిన రోజున, విరిగిన చోటు చుట్టూ తెల్లగా, ఎగుడుదిగుడుగా కొత్త ఎముక అల్లుకుని ఉంది. డాక్టరు ఫిల్ముని వెలుతురుకి పెట్టి, మురిసిపోతూ చూపించాడు.

మేస్త్రీ కళ్లు చికిలించి చూసి పెదవి విరిచాడు. "ఇదేం పని సార్? మా వాళ్లెవరైనా గోడ ఇలా పూస్తే కూలి ఇవ్వను."