గాలాడే దుప్పటి
దుప్పట్ల కొట్టు బాబాయికి మాటలకన్నా ఊపిరి మీద నమ్మకం ఎక్కువ. ఎవరొచ్చి పోగుల లెక్క అడిగినా వాళ్ల అరచేతిమీద దుప్పటి అంచు పరిచి, పాలమీద మీగడ తొలగిస్తున్నంత మెల్లగా ఊదుతాడు. "తగిలిందా?" అంటాడు. తగిలితే ఎండాకాలానికి పనికొస్తుందని లెక్క. తగలకపోతే దాన్ని మడిచి, నిద్రపోయే పిల్లను పడుకోబెట్టినట్టు పై అరలో పెట్టేస్తాడు.

ఆ మధ్యాహ్నం వీధంతా ఎండకు సొమ్మసిల్లి ఉంది. మంచానపడ్డ అత్తగారిని ఆడపడుచుకు అప్పజెప్పి ఒక కోడలు వచ్చింది. "మంచంలో ఆవిడకి ఒళ్లు ఉడికిపోతోంది బాబాయ్, నాకూ కంటిమీద కునుకు లేదు. అంగుళానికి వెయ్యి పోగులున్నదే ఇవ్వండి, ఖరీదైనా సరే" అంది. "అన్ని పోగులు ఇరికిస్తే గాలి ఎటునుంచి వస్తుందమ్మా? రెండొందలది చాలు. నమ్మకం లేకపోతే కప్పుకుని చూడు" అంటూ కొట్టులో నమూనాకి వేసిన మంచం చూపించాడు. ఆమె మొహమాటంగా ఒరిగి దుప్పటి పైకి లాక్కుంది. "తగిలిందా?" అని ఆయన అడిగేలోపే గుర్రు! బాబాయి తలుపు ఓరగా వేసి, వచ్చినవాళ్లతో గుసగుసగా మాట్లాడాడు. వాళ్లూ గుసగుసగానే గీచి గీచి బేరమాడారు. పంకా గాలికి ఆమెమీద దుప్పటి లేస్తూ వాలుతూ ఉంటే, కొట్టు మొత్తం ఎటో తేలిపోతున్నట్టు అనిపించింది ఆయనకి. నీడలు సాగాక ఆమె ఉలిక్కిపడి లేచింది. ఒంటిమీద చెమట చుక్క లేదు. చెంపమీద మాత్రం దుప్పటి మడత గీత. "ఉండమ్మా, కొత్తది తీసిస్తా" అని బాబాయి అరవైపు తిరిగాడు.

"వద్దు బాబాయ్, ఇదే ఇవ్వండి. నిద్రపుచ్చడం నేర్చుకుంది కదా!"