మా ఇంటికి వచ్చిన పరాయి పేరంటాలు

పోయిన వారం తిరుత్తణి లైబ్రరీలో పేపర్లు తిరగేయడం అయ్యాక, అక్కడి కంప్యూటర్ ముందు కూర్చొని ఒకటి వెతకబోయి ఇంకొకటి చదువుతూ పోయాను. అలా ఒక చిన్న అమెరికా ఊరి సంగతి కంటబడింది. మన తిరుత్తణి అంత కూడా ఉండదేమో ఆ ఊరు. ఒక నది, మూతపడిన ఒక మిల్లు, ఆ తరువాత జనం లెక్క. తెల్లవారు ఇంతమంది, నల్లవారు ఇంతమంది, మొదటినుంచీ ఆ నేలవారే అయినవారు బహు కొద్దిమంది, ఆసియా దేశాలనుంచి వెళ్ళి స్థిరపడినవారు మరికొందరు. స్పానిష్ కుటుంబాలవారు ఏ రంగువారైనా కావచ్చునట, అందుకని వారిది విడి లెక్క. అన్నిటికీ అడుగున, రెండు గాని అంతకంటె ఎక్కువ గాని జాతులకు చెందినవారు అని ఇంకొక వరుస. ఎవరు ఏ వరుసలోకి వస్తారో ఎవరికి వారే చెప్పుకుంటారట. ఆ చివరి వరుస దగ్గర నా చూపు ఆగిపోయింది. తమిళుల ఆడినెలలో, అదే ఆషాఢంలో, ఒక మధ్యాహ్నం మా ఇంట్లో జరిగినది గుర్తుకు వచ్చింది.

నేను తమిళ బడిలో ఎనిమిదో తరగతి వరకే చదివి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టినవాడిని. తెలుగు అక్షరాలు నా అంతట నేనే నేర్చుకున్నాను. తిరుత్తణి లైబ్రరీలో తెలుగు పుస్తకాలున్నది ఒక్క మూల బీరువాలోనే. అందులో దేశదేశాల మనుషుల గురించి ఉన్నవన్నీ చదివానని, మా నేతగాళ్ళ వీధిలో అలాంటివాడిని నేనొక్కడినేనని అప్పట్లో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నూలు దుకాణంలో రెండూ కలిపి మాట్లాడేవాళ్ళం. మా ప్రాంతంలో పుట్టిన నా ఈడువారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. ఇన్ని కలిసిపోయినా, మేమెవరమన్న విషయంలో మాత్రం మా పెద్దలకు రవంత సందేహం లేదు. ఎన్ని తరాల వెనక్కి వెళ్ళినా అంతా ఒకే నూలు అన్నట్టుగా మాట్లాడేవారు.

మా అక్క ఆ నూలు దుకాణంలో లెక్కలు రాసే మణవాళనగర్ అబ్బాయిని చేసుకుంటానని కూర్చుంది. వారిది తమిళ కుటుంబం, మగ్గం ముఖం ఎరగనివారు. మా మేనమామ తన కొడుక్కి అక్కను చేసుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. నాయనకు కూతురంటే ప్రాణం, బావమరిదంటే భయం. ఎటూ చెప్పలేక, పేరంటాలు ఎట్లా చెబితే అట్లా చేద్దామన్నాడు. అక్క దానికి ఒప్పుకుంది. పేరంటాలు కాదంటే ఈ జన్మలో ఇంక పెళ్ళి మాటే ఎత్తవద్దని కూడా అంది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి.

పేరంటాలంటే, ముత్తయిదువగా కన్నుమూసిన మా ఇంటి పాతకాలపు కోడలు. పెళ్ళి మాట ఖాయం చేసే ముందు ఆమెను పిలిచి అడగడం మా ఆచారం. మధ్య ఇంట్లో పసుపు పూసిన కుండ పెట్టి, దానికి మల్లెపూలు చుట్టి, పక్కన చీర పెట్టి పిలిస్తే, ఆమె మా మేనత్త మీదికి వచ్చేది. అలా వచ్చిన ప్రతిసారీ నవ్వుతూ, నా బిడ్డలు చల్లగా ఉండాలని నాలుగు ముక్కలు తెలుగులో చెప్పి, పెళ్ళికూతురి ఒళ్ళో పూలు పెట్టేది. అయితే ఆ చీర దుకాణంలో కొన్నది కాకూడదు. మా మగ్గం మీదే నేసి, కోసి, నీళ్ళు కూడా తగలకుండా పెట్టాలి.

ఆ ఏడు మా మగ్గం మీద లుంగీల పడుగు ఉంది. అది పూర్తయ్యేవరకు చీర పడుగు ఎక్కించడానికి వీలులేదు, సగంలో కోస్తే పడుగంతా పాడు. మామేమో ఆడి దాటితే అడగడానికి ఒప్పుకోనని పట్టుబట్టాడు. అప్పుడు అమ్మకు చెక్కపెట్టె అడుగున ఉన్న ఒక చీర గుర్తుకు వచ్చింది. ముదురు ఎరుపు, అంచులో ఏవో చిన్న చిన్న పిట్టలు. అది ఎవరిదో అమ్మకు తెలియదు, అమ్మకు దాన్ని అప్పగించిన మా అవ్వకూ తెలియదట. ఇంట్లోదేగా, కట్టని చీరేగా, పేరంటాలిదే అయివుంటుందని తీసి కుండ పక్కన పెట్టారు. మేమందరం నేత తెలిసినవాళ్ళమే, ఆ అంచు మా పనితనం కాదని చూడగానే తెలుస్తుంది. అయినా ఆ తొందరలో ఎవరూ దాని మాటెత్తలేదు.

మధ్యాహ్నం వేళ. వీధిలో మగ్గాలన్నీ భోజనాలకు ఆగిపోయి ఉన్నాయి. ఆడిగాలి కూడా ఎందుకో నిలిచిపోయింది. మేనత్త మామూలుగా అయితే ముందు వణికి, జుట్టు విరబోసుకొని, పెద్దగా నవ్వేది. ఆ రోజు అవేవీ లేవు. మెల్లగా కళ్ళు తెరిచి, తెలియని ఇంట్లో నిద్రలేచిన మనిషిలాగా చుట్టూ చూసింది. పుట్టినప్పటినుంచీ మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మనిషి, మా మగ్గాన్ని చూసి అదేమిటో తెలియనట్టు వెనక్కి జరిగింది. కుండ పక్కనున్న చీరను చూసింది. ఆ పిట్టల అంచును వేలితో తడుముతూ మాట్లాడడం మొదలుపెట్టింది.

అది తెలుగు కాదు. తమిళం కాదు. మాకు చెవిలోనైనా పడ్డ ఏ భాషా కాదు. గొంతు మేనత్తది కాదు, పదిహేడు పద్దెనిమిదేళ్ళ పిల్లది. కోపంగా లేదు, ఎంతో మర్యాదగా ఏదో అడుగుతోంది. ముందు నాయనను అడిగింది. జవాబు కోసం ఆగింది. తరువాత అమ్మను, మామను, నన్ను, ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ అదే మాట అడుగుతూ వచ్చింది. నా ముందు ఆగినప్పుడు, చదివిన పుస్తకాలన్నీ ఉండి కూడా ఆమెకు ఒక్క మాట తిరిగి చెప్పలేకపోయాను. చివరికి అక్క దగ్గరికి వచ్చి, ఆ చీర చెంగు అక్క చేతిలో పెట్టి, అక్క బుగ్గ నిమిరి, కళ్ళనీళ్ళు కారుస్తూ ఒక పొడుగు మాట చెప్పింది. చెప్పి ఒరిగిపోయింది. లేచాక మేనత్తకు ఏమీ గుర్తులేదు, దాహమని మాత్రం అడిగింది.

ముందు నోరు తెరిచింది మామే.

"ఏడ్చినాది కదప్పా. ఇంకేం గావాల? వద్దని చెప్పినట్టే."

నాయన తల వంచుకున్నాడు. అక్క మాత్రం ఆ చెంగు వదలకుండానే లేచి నిలబడింది.

"వద్దని చెప్పినాదని నీకు పురిసినాదా, అర్తమయినాదా మామా? ఏ మాట వద్దనేది, అది చెప్పు. అరవమోళ్ళు మనకు సరిపడరంటాండావే, ఈమె ఎవురు? యాడ నుంచి వచ్చినాది? మన తాతల్లో ఎవురో ఈమెను తెచ్చుకున్నాడు కదా. ఆ పొద్దు ఈ ఇంట్లో ఎవురికీ ఆమె మాట పురిసుండదు. అయినా కాపురం చేసినాది, బిడ్డల్ని కనినాది. మనమందరం ఆ బిడ్డలమే."

నాయన మెల్లగా, "సరిమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటతో అక్క పెళ్ళి ఖాయమైంది. తైనెలలో, సంక్రాంతి దాటాక, మణవాళనగర్‌లో జరిగింది. మామ వచ్చాడు గాని భోంచేయలేదు.

ఆ చీరను మళ్ళీ పెట్టెలో పెట్టడానికి అమ్మకు చేతులు రాలేదు. కొసస్థల ఏటిలో నీళ్ళు పారే రోజుల్లో పసుపు కుంకుమలతో వదిలిపెట్టారు. తరువాతి పెళ్ళిళ్ళకు మగ్గం మీద నేసిన చీరే పెట్టారు, ఎప్పటి పేరంటాలే వచ్చి తెలుగులోనే నవ్వుతూ మాట్లాడి వెళ్ళింది. ఆ రెండో ఆమె మళ్ళీ రాలేదు. ఆమె మాటల చప్పుడును మనసులో పెట్టుకొని నేను చాలా ఏళ్ళు వెతికాను. రైల్వేలో పనిచేసి ఊళ్ళూళ్ళూ తిరిగిన ఒక పెద్దాయన లైబ్రరీకి వచ్చేవాడు, ఆయనకు ఆ చప్పుడును అనుకరించి వినిపించాను. మహారాష్ట్రం వైపు అనిపిస్తుందన్నాడు, మళ్ళీ వెంటనే కాదన్నాడు. ఆమె మా అందరినీ ఏమడిగిందో ఈనాటికీ తెలియదు. తన ఊరికి దారి అడిగిందేమోనని ఒక్కోసారి అనుకుంటాను.

కంప్యూటర్‌లో ఆ అమెరికా ఊరి సంగతి చదివిన మర్నాడే మణవాళనగర్‌కు బస్సెక్కాను. అక్కకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. బావ మంచం పట్టి చాలా కాలమైంది. కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు, ఇంటినిండా మనుషులు, ఇంటినిండా తమిళం. అందరూ ఆమెను ప్రేమగా చూసుకుంటారు. నేను వెళ్ళినప్పుడే ఆమె నోట తెలుగు పలుకుతుంది. ఆ వరుసల గురించి చెబితే చిన్నగా నవ్వింది. తరువాత కిటికీ వైపు తిరిగి అంది:

"ఒరే, నేను పొయినాక ఈ బిడ్డలు చీర పెట్టి పిలిస్తే, వచ్చి ఏ బాసలో మాట్లాడేదిరా?"

రోజూ తమిళమేగా మాట్లాడుతున్నావు అన్నాను.

"బతికుండంగా మాట్లాడేది వేరే. పొయినాక నోట్లోకి ఏది వస్తాదో ఎవురికి తెలుసు? తెలుగే వచ్చిందనుకో, ఒకొక్కరి మొగం జూసి అడగతా ఉండాల్సిందే గదా, ఆ యమ్మ మాదిరి."

ఈ రోజుల్లో పెళ్ళి సంబంధాలు ఫోన్లలో కుదురుతున్నాయి, జాతకం కూడా ఫోనే చూస్తుంది. మా వీధిలో కుండకు పసుపు పూసి చాలా ఏళ్ళయింది, మగ్గాలున్న ఇళ్ళు వెతికితే గాని కనబడవు. అక్క కోడళ్ళలో ఒక్కరికీ పేరంటాలంటే ఎవరో తెలియదు. తనను పిలుస్తారనే అక్క అనుకుంటోంది, వాళ్ళకు తన మాట అర్థం కాదనే ఆమె దిగులంతా. పిలిచేవారే ఉండరేమోనన్న సంగతి ఆమెకు తట్టలేదు. చెప్పలేక బస్సు వేళైందని లేచాను.