గాజుముక్క

ఏ గోడ దగ్గరికి వెళ్ళినా మేస్త్రీ చూపుడువేలు మడిచి కణుపుతో మూడుసార్లు కొడతాడు. చెవి ఆనించి వింటాడు. పెళ్ళిచూపుల్లో కూడా ముందు పలకరించింది గోడనేనని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ రోజు మాత్రం ఐదువందల ఏళ్ళ కోట ముందు నిలబడి కూడా జేబుల్లోంచి చేతులు తీయలేదు.

సిమెంటు కంపెనీ ముప్ఫైమంది మేస్త్రీలకు పరాయి దేశం చూపిస్తోంది. ఆ ప్రయాణం తొందరలో అతను బడి ముందు కట్టిన కమాను కింది ఊతకర్రలు నాలుగు రోజులు ముందే తీసేశాడు. బయలుదేరే రోజున, వంపు మొదలయ్యే చోట వెంట్రుకంత పగులు కనిపించింది. దానికి అడ్డంగా సన్నటి గాజుముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అంటించాడు. పగులు కదిలితే గాజు విరుగుతుంది. కమాను కిందికి ఎవరూ వెళ్ళకుండా తాడు కట్టి, పిల్లలను పక్క గేటు నుంచి పంపమన్నాడు. ఇల్లు బడికి ఎదురే. రోజూ గాజు చూడమని భార్యకు చెప్పాడు.

మూడు రోజులు బాగానే ఉందంది. ఆ ఉదయం ఫోన్ చేసి, “ఏమయ్యా, గాజు పగిలింది” అంది. అతను ఫోన్ పెట్టేశాడు.

కోటలో మిగతావాళ్ళు రాళ్ళ అతుకులు తడిమి చూస్తున్నారు.

“ఇందులో చెంచాడు సిమెంటు లేదు. కట్టినవాళ్ళనైతే ఏ కంపెనీ కూడా టూరుకి తీసుకెళ్ళేది కాదు” అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

గజంబద్ద అని పిలిచే పొడుగాటి మేస్త్రీ పక్కకొచ్చాడు. “ఏంటన్నా, గోడని కొట్టవేం? రాజుగారి గోడని మొహమాటమా?”

“చెయ్యి నొప్పి.”

“నోరు కూడానా?”

తర్వాత పాత స్నానశాల. గోడ మీద నేల నుంచి కప్పు దాకా పగులు. దాని మీద అక్కడక్కడా గాజుముక్కలు, పక్కన తేదీలు. ఒకటి విరిగి ఉంది. పగులు వెంటే, కత్తితో కోసినట్టు, ఒకే గీత.

మేస్త్రీ దాన్ని చాలాసేపు చూశాడు. ఫోన్ తీశాడు.

“గాజు ఎలా పగిలిందే?”

“ఎలా ఏంటి? పగిలింది.”

“తాడు దాటకుండా చూసి చెప్పు. పగులు వెంట నిలువుగా విరిగిందా?”

చెప్పుల చప్పుడు. పిల్లల అరుపులు.

“లేదయ్యా. ఒక మూల చితికి సాలెగూడులా ఉంది. పగులు మీదున్న భాగం నిక్షేపంగా ఉంది. కింద బంతి. పొద్దున ఆ సంగతి చెప్పేలోపే పెట్టేశావుగా!”

అతను అక్కడే రాతి అరుగు మీద కూర్చున్నాడు.

“తాడు విప్పనివ్వకు. వచ్చాక మళ్ళీ ఊతం పెడతా. నేను కర్రలు ముందే తీసేశానే.”

“తెలుసులే. అవి మన పెరట్లోనే ఉన్నాయిగా. బట్టలారేస్తున్నా.”

మర్నాడు ఉదయం బస్సు బయలుదేరేలోపు అతను ఒక్కడే కోటకు నడిచి వెళ్ళాడు. తలుపులు ఇంకా తీయలేదు. బయటి గోడను మూడుసార్లు కొట్టాడు. విన్నాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, తలెత్తి, కోటను పై దాకా చూశాడు.