పిల్లి కోసం ఆగిన పడవ

నా చిన్నప్పుడు నాకు పిల్లులంటే ఎంత పిచ్చో, పిల్లులకు నేనంటే అంత భయం. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా నాన్నకు పోర్టులో ఖలాసీ పని దొరకడంతో శ్రీకాకుళం వైపు పల్లె నుంచి మూటాముల్లె సర్దుకుని విశాఖపట్నం వచ్చేశాం. సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్లుండే వీధిలో చిన్న పెంకుటిల్లు అద్దెకు దొరికింది. పల్లెలో మాకు ఆవులూ దూడలూ ఉండేవి. మెడ పట్టుకుని వేలాడినా అవి ఏమీ అనేవి కావు. ఇక్కడ ఉన్నవల్లా పిల్లులే. నేను చెయ్యి చాచేసరికి అవి గోడెక్కి అటువైపు దూకేసేవి.

పక్కింట్లో ఒక అత్త ఉండేది. బంధువు కాదు. మా అమ్మ ఆవిడను వదినా అని పిలవడం మొదలుపెట్టింది కాబట్టి నాకు అత్తయింది, ఆవిడ భర్త మావయ్యాడు. మావకు ఒక నాటు పడవ ఉండేది. మరో ముగ్గురితో కలిసి వేటకు వెళ్లేవాడు. అత్త పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లి, అమ్ముకుని తిరిగొచ్చి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. ఒక చారల పిల్లి ఆవిడ దగ్గరకు మాత్రం వచ్చేది. ఆవిడ దాన్ని పిలవగా, నిమరగా నేనెప్పుడూ చూడలేదు. చేప తలకాయ ఒకటి పక్కన పడేసి తన పని తాను చేసుకునేది. అది తినేసి ఆవిడ చీర కుచ్చెళ్ల మీద ముడుచుకుని పడుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది. అంత ముద్దుగా పిలిచే నా దగ్గరకు రాదు గానీ, పిలవని మనిషి దగ్గరకు మాత్రం వెళ్తుంది.

వేసవి సెలవుల్లో ఆ పిల్లి అత్త ఇంటి వెనక వసారాలో, పాత వలల పోగు మీద మూడు కూనలను పెట్టింది. అత్త నాకు దూరం నుంచే చూపించి, కొన్నాళ్లు అటు వెళ్లొద్దని చెప్పి తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను ఆగలేకపోయాను. గిన్నెలో పాలు పోసుకుని వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్లినా బాగుండేది. వీధిలో ఉన్న నలుగురు పిల్లలనూ వెంటేసుకుని వెళ్లాను. అందరం ఒంగి చూశాం, అందరం ఒకేసారి మాట్లాడాం. ఒక కూనను ఎత్తబోయాను. తల్లి బుస్సుమని నా చేతి మీద మూడు గీతలు గీసింది. సాయంత్రానికి ఆ వలల మీద పిల్లీ లేదు, కూనలూ లేవు.

గీతలకు అత్త పసుపు అద్దింది. ఆ పిల్లి చెడ్డదని నేను వెక్కుతూ చెబుతుంటే తిట్టకుండా వింది. తర్వాత, కిందటి ఆదివారం మా పల్లె నుంచి పెదనాన్న వరసాయన వచ్చినప్పుడు బియ్యం డ్రమ్ము వెనక ఎందుకు దాక్కున్నావని అడిగింది. ఆయన గొంతు పెద్దదనీ, దగ్గరకొస్తే చుట్ట కంపనీ, బుగ్గ పట్టుకుని లాగుతాడనీ చెప్పాను.

"మరి ఆయన సెడ్డోడేటే?" అంది అత్త.

కాదన్నాను. ఆయన నాకోసం బెల్లం పాకంతో చేసిన జీళ్లు తెచ్చాడు. మంచివాడే గానీ నాకు తెలీదు కదా అన్నాను.

"దానికీ నువ్వంతే," అంది.

నాకు సమాధానం నచ్చలేదు. ఆయన అంత పెద్ద మనిషి, నేను ఇంతే కదా అన్నాను. అత్త నవ్వి, నన్ను ఇసకలోకి తీసుకెళ్లి బోర్లా పడుకోమంది, గడ్డం ఇసకకు ఆన్చమంది. పడవ దగ్గర తాళ్లు బిగిస్తున్న మావను పిలిచి, వచ్చి నా తల నిమరమంది. మావ, సంగతేమిటో తెలియకుండానే నవ్వుకుంటూ వచ్చాడు. కింద నుంచి నాకు రెండు పాదాలు మాత్రమే కనబడ్డాయి, ఒక్కోటి తెడ్డంత. అడుగు పడిన ప్రతిసారీ ఇసక అదిరి నా గడ్డానికి తెలిసింది. తర్వాత నీడ వచ్చి నా మీద ఎండంతా కప్పేసింది. ఆ నీడలోంచి ఒక చెయ్యి దిగింది. అది మావ చెయ్యేనని నాకు తెలుసు. అయినా పక్కకు దొర్లి, లేచి పరుగెత్తాను. మావ పడీపడీ నవ్వాడు. కాసేపటికి నేనూ నవ్వాను.

"నీకు ఆడు మావని ఎరికే. అయినా లగెత్తేవు. దానికి నువ్వెవరివో ఎరికేటి?" అంది అత్త.

ఇంటికి నడుస్తూ మిగతాది చెప్పింది. ఆ పిల్లి రేవులో బండరాళ్ల సందున పుట్టిందట. కూనగా ఉన్నప్పుడు దాన్ని ఏ మనిషీ మెల్లగా ముట్టుకోలేదు. మనిషి చేతి నుంచి దానికి ఎక్కువసార్లు వచ్చింది రాయే. కొత్త గొంతు, కొత్త వాసన అయితే ముందు పారిపోతుంది, మంచివాళ్లో కాదో తర్వాత చూసుకుంటుంది. అంత చిన్న ప్రాణం ఒక్కసారి పొరబడితే మళ్లీ దిద్దుకోవడం ఉండదు. కళ్లలోకి గుచ్చి చూడటం మనకు ముద్దు, దానికి తగువు.

మర్నాడు మధ్యాహ్నం మావ వాళ్లు పడవను నీళ్లలోకి దించబోతూ దాని మీద కప్పిన పట్టా తీశారు. లోపల కొత్త వల మీద చారల పిల్లి, దాని కింద మూడు కూనలు. ఒకాయన చేతికి గుడ్డ చుట్టుకుని తీయబోతే అది వెంట్రుకలు నిక్కబొడిచి మూలకు జరిగింది. ఇంకొకాయన వల విసిరి పట్టేద్దామన్నాడు. అది బెదిరి దూకి పోతే కళ్లు తెరవని కూనలకు పాలెవరిస్తారు? ఇదంతా నా వల్లే జరిగిందని నాకు తెలుసు. అత్త కోసం పరుగెత్తాను.

అత్త తట్టలో తన పాత చీర పరిచి, దాన్ని పడవ అంచుకు ఆనించి పక్కకు వంచి పెట్టింది. మగవాళ్లను దూరంగా వెళ్లి కూర్చోమంది. పొద్దు పోతుందని ఒకాయన గొణిగితే, "సేపలెక్కడికీ పోవు, కూకోరా," అన్నాడు మావ. ఆ తర్వాత అత్త నన్ను తట్ట పక్కనే కూర్చోమంది. నా చేతి మీది గీతలు చూపించాను.

"నువ్వే బెదరగొట్టేవు, నువ్వే కూకో. దాని వేపు సూడకు. సేతులు ఒళ్లో ఎట్టుకో. అదొచ్చినా రాకపోయినా నీకేటీ పట్టనట్టుండు."

కూర్చున్నాను. అలలకు పైన వినబడేలా అరిచే ఆ నలుగురు మనుషులూ లెక్కలు చెయ్యకుండా బడికొచ్చిన పిల్లల్లా తలలు దించుకుని ఇసకలో కూర్చున్నారు. అటుగా వెళ్తున్న ఒకాయన ఆగి, "ఏటి బావా, ఎవలైనా పోయేరేటి?" అని మెల్లగా అడిగాడు. మావ పెదవుల మీద వేలు పెట్టి పక్కన చోటు చూపించాడు. ఆయన కూడా ఏమీ తెలియకుండానే తల దించుకుని కూర్చున్నాడు. నాకు నవ్వు ముంచుకొచ్చింది. సముద్రం వైపు చూస్తూ పెదవి కొరుక్కున్నాను.

మెడ నొప్పి పుట్టింది. చెవి వెనక దురద పుట్టింది. కదల్లేదు. చాలాసేపటికి నా మోచేతికి తడిగా, చల్లగా ఏదో తగిలింది. పిల్లి ముక్కు. అది పసుపు అద్దిన చోటు వాసన చూసి, వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చినప్పుడు దాని నోట్లో కూన వేలాడుతోంది. నా మోకాలికి రాసుకుంటూ తట్టలోకి దిగింది. రెండోది తెచ్చింది. మూడోది తెచ్చి, అత్త చీర మీద గుండ్రంగా తిరిగి పడుకుంది.

అత్త తట్ట ఎత్తుకుని ఇంటి దారి పట్టాక, బిగబట్టుకున్న గోలంతా మగవాళ్లు ఒక్కసారిగా తీర్చుకున్నారు. హైలెస్సా అంటూ పడవను తోస్తుంటే నేను కూడా వెనక చేరి తోశాను. ఆ రోజు వాళ్లకు చేపలు పెద్దగా పడలేదు. అయినా పడిన వాటిలోంచి ఒకటి తీసి, బాలింతకు ఇమ్మని మావ నా చేతిలో పెట్టాడు.

సెలవులు అయిపోయేదాకా రోజూ ఆ తట్టకు వీపు పెట్టి కూర్చున్నాను. కూనలు కళ్లు తెరిచాక వాటంతట అవే నా ఒళ్లోకి ఎక్కాయి. మనిషి చేతుల్లో పెరిగాయి కాబట్టి వాటికి ఎవరన్నా బెరుకు లేదు. ఒకటైతే ఉత్తరాలు తెచ్చే ఆయన సంచిలో దూరి కూర్చునేది. తల్లి మాత్రం చివరిదాకా నాకు మూరెడు దూరంలోనే కూర్చుంది. ఆ మూరెడు దాని హక్కని అప్పటికి నాకు అర్థమైంది.

పెద్దయ్యాక ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి పాఠాలు చెప్పాను. ఇప్పుడు గాజువాకలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈమధ్య మా కింది అంతస్తులోకి ఒడిశా నుంచి ఒక కుటుంబం వచ్చింది. నాలుగేళ్ల పాప. ఎవరు పలకరించినా తల్లి చెంగులో ముఖం దాచేస్తుంది. అందరూ చాక్లెట్లు చూపించి రమ్మంటున్నారు. నేను చిక్కుడుకాయలు పళ్లెంలో పోసుకుని వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను, అటు చూడకుండా ఈనెలు తీసుకుంటూ. మొదటి రోజు రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు నా పక్క నుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి ఒక కాయ తీసుకుంది. నేను తల ఎత్తలేదు. పళ్లెం కొంచెం అటు జరిపాను.